పెళ్లి ఏ పెట్టెలో పడుతుంది?

డేటాబేస్ బొమ్మల మూలం వెతుక్కుంటూ పోతే పెళ్లి ఎదురైంది. 1976 మార్చిలో పీటర్ చెన్ అచ్చువేయించిన వ్యాసంలో ఒకచోట ఈ మీమాంస ఉంది: పెళ్లి అన్నది ఎంటిటీయా, రిలేషన్‌షిప్పా? కొందరికి అలా, కొందరికి ఇలా. ఏ సంస్థకు ఆ సంస్థలో డేటా బాధ్యత చూసేవాళ్లే తేల్చుకోవాలని చెప్పి ఆయన తప్పుకున్నాడు. చదివి నవ్వొచ్చింది. "మంచి సంబంధం ఉంది, చూస్తారా?" అనే మనకు ఆ అనుమానమే రాదు!

తైవాన్‌లో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, అప్పటికి ఎం.ఐ.టి.లో పాఠాలు చెబుతున్న చెన్ ఆ వ్యాసంలోని బొమ్మలో ఉద్యోగి, ప్రాజెక్టు లాంటి ఎంటిటీలకు పెట్టె గీశాడు. వాటిని కలిపే రిలేషన్‌షిప్‌కి పేకలోని డైమండ్ గుర్తు. అసలు తెలివంతా ఆ డైమండ్‌లోనే ఉంది. ఒక ఉద్యోగి తన వేళలో నలభై శాతం ఒక ప్రాజెక్టుకు ఇస్తున్నాడనుకోండి. ఉద్యోగి పక్కన రాస్తే ఆ నలభై ఏ ప్రాజెక్టుకో తెలీదు, ప్రాజెక్టు పక్కన రాస్తే ఎవరిదో తెలీదు. మధ్యలో జరిగే పనికి తగిలించాలి. 1983లో ఆయనే దీన్ని ఇంగ్లిషు వ్యాకరణంతో పోల్చాడు: నామవాచకం పెట్టె, సకర్మక క్రియ డైమండ్. తర్వాత చైనా లిపినీ తెచ్చాడు. అందులోనూ రెండింటిని కలిపితే కొత్త అర్థం: సూర్యుడి పక్కన చంద్రుణ్ణి చేరిస్తే 'వెలుగు'. ఇంగ్లిషు, చైనా భాషలు రెండింటిలోనూ క్రియ కర్తకూ కర్మకూ నడుమ కూర్చుంటుంది. తెలుగువాడు గీసుంటే డైమండ్ చివర్న వేలాడేదేమో!

చెన్‌కి ముందే, 1969లో, చార్లెస్ బాక్‌మన్ పెట్టెల మధ్య బాణాలు గీశాడు. 1976లోనే గోర్డన్ ఎవరెస్ట్ బాణాన్ని తిరగేసి, ఒకదానికి అనేకం ఉన్నచోట 'అనేకం' వైపు కొసను మూడు వేళ్లుగా చీల్చాడు. ఆయన దాన్ని తిరగేసిన బాణమనే అన్నాడు. జనం కాకి కాలన్నారు, అదే నిలిచింది. ఆ తర్వాత పద్ధతులు బోలెడు. అమెరికా వైమానిక దళం కూడా తనకంటూ ఒకటి చేయించుకుంది.

గీయడానికి కాకి కాలే సులువు, ఒప్పుకుంటాను. కానీ దానితో పాటు క్రియకున్న గది, అంటే ఆ డైమండ్, పోయింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి టేబుళ్లు చూపిస్తే బొమ్మ అదే గీసేస్తుంది. గీతలుంటాయి, కాకి కాళ్లుంటాయి, ఎవరు ఎవర్ని ఏం చేశారో ఉండదు. డైమండ్ ఉండాల్సిన చోట మరో టేబుల్, అంటే మరో పెట్టె. చెన్ తేల్చకుండా వదిలేసిన పెళ్లి కూడా అందులోనే పడింది: రెండు ఐడీలు, ఒక తేదీ.