సముద్రంలో తుపాను తీవ్రత, గమనం అంచనా వేయు విధానం

బంగాళాఖాతంలో ఏర్పడు తుపానులను భారత వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రాలు, నౌకలు, లంగరు వేసిన బోయాలు అందించు సమాచారంతో పరిశీలిస్తుంది. తుపాను కేంద్రం వద్ద గాలిని నేరుగా కొలుచుటకు సాధారణంగా వీలుండదు. కావున మేఘాల అమరికను బట్టి ‘డ్వోరాక్’ పద్ధతిలో తీవ్రతను అంచనా వేస్తారు. తీరానికి సమీపించిన పిమ్మట విశాఖపట్నం, మచిలీపట్నంలలోని డాప్లర్ రాడార్లు దాని గమనాన్ని గుర్తిస్తాయి.

గాలివేగం గంటకు 62 కి.మీ.కు చేరినచో తుపానుగా, 88 మించినచో తీవ్ర తుపానుగా, 117 మించినచో అతి తీవ్ర తుపానుగా వర్గీకరిస్తారు.

ఈ తీవ్రత తీరం చేరువరకు ఒకే తీరున ఉండదు. 2013 నవంబరులో అతి తీవ్ర తుపానుగా మారిన ‘లెహర్’ సముద్రంలోనే బలహీనపడి, 28వ తేదీన మచిలీపట్నం సమీపంలో కేవలం వాయుగుండంగా తీరం దాటింది. 2014 అక్టోబరు 12న ‘హుద్‌హుద్’ మాత్రం అతి తీవ్ర తుపానుగానే విశాఖపట్నాన్ని తాకింది. మొదటి సందర్భాన్ని చూచి రెండవదానిని తేలికగా తీసుకొనుటకు వీలులేదు.

తుపాను దశలో బులెటిన్లు 3 గంటలకొకసారి వెలువడతాయి. తరలింపు ఉత్తర్వులలోను, వార్తలలోను తుపాను స్థానంతో పాటు ఆ బులెటిన్ ఏ సమయానికి చెందినదో తప్పక పేర్కొనవలసి ఉంటుంది.