టోపీల కోసం చచ్చి, కంకర గుంతల్లో బతికిన పిట్ట

మన చెరువు గట్టు మీద నిలబడితే ఓ చిన్న పిట్ట కనిపిస్తుంది. మనిషి అలికిడైతే చాలు, బుడుంగున మునిగి ఎక్కడో అవతల తేలుతుంది. మునుగుడు కోడి అంటాం, కొందరు బుడబుంగ అంటారు. ఈరోజు చెప్పేది దాని పెద్దన్న కథ. తలమీద నల్ల జుట్టు, మెడ చుట్టూ ఎర్రటి ఈకల కుచ్చు, ఇంచుమించు బాతంత పిట్ట. చలికాలంలో కొన్ని మన దేశానికీ వస్తాయి గానీ, ఈ కథ జరిగింది ఇంగ్లండులో.

దీని కాళ్లు ఒంటికి బాగా వెనక, తోక దగ్గర ఉంటాయి. అందుకే నీళ్లలో పడవ తెడ్డులా పనిచేస్తాయి, నేల మీద మాత్రం సరిగ్గా నడవలేదు. తుంగ, నాచు పోగేసి నీటి మీదే తేలే గూడు కడుతుంది. గూడు వదిలి పోవాల్సొస్తే గుడ్ల మీద నాచు కప్పి మరీ పోతుంది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. తన ఈకలు తానే తింటుంది, పిల్లలకూ పెడుతుంది. చేప ముళ్లు కడుపులో గుచ్చుకోకుండా అని పక్షుల గురించి చదివినవాళ్లు అంటారు.

ఆ ఈకలే దాని ప్రాణం మీదికి తెచ్చాయి. పొట్ట మీద ఈకలు దట్టంగా, తెల్లగా, పట్టులా మెరుస్తాయి. చర్మంతో సహా ఒలిచి, బొచ్చుకు బదులు ఆడవాళ్ల దుస్తులకీ టోపీలకీ వాడేవారు. 1860 నాటికి ఇంగ్లండు మొత్తంలో 50 జతలు కూడా మిగల్లేదు.

పక్షుల్ని గుడ్లు పెట్టే కాలంలో చంపకుండా 1870, 1880ల్లో చట్టాలొచ్చాయి. కానీ ఫ్యాషన్ ఆగలేదు. 1889లో మాంచెస్టర్ దగ్గర ఎమిలీ విలియమ్సన్ అనే ఆవిడ ఆడవాళ్లనే కూడగట్టి ఒక సంఘం పెట్టింది. ఈకలు పెట్టుకునేది మనమే, మానాల్సింది కూడా మనమే అన్నది వాళ్ల పట్టు. ఆ సంఘమే నేటి బ్రిటన్ రాయల్ పక్షి సంరక్షణ సంఘం. ఈకల దిగుమతిని ఆపే చట్టం రావడానికి 1921 దాకా పట్టింది.

1931లో వందల మంది మామూలు జనం చెరువు చెరువూ తిరిగి ఈ పిట్టల్ని లెక్కపెట్టారు. వెయ్యి జతలు దాటాయి! ఆ తర్వాత ఇంకా పెరిగాయి. ఎలాగంటే, రోడ్లకీ ఇళ్లకీ కంకర తవ్విన గుంతల్లో నీళ్లు నిండాయి, అంచుల్లో తుంగ మొలిచింది, పిట్ట వచ్చి గూడు కట్టింది.

అంటే చట్టం చంపడాన్ని ఆపింది, బతకడానికి చోటిచ్చింది మాత్రం నీళ్లూ తుంగా. మన బుడబుంగ కోసం టోపీ వ్యాపారి ఎవడూ రాడు. కానీ పూడిక తీసేటప్పుడు అంచున ఉన్న తుంగంతా జేసీబీతో గీకేస్తే, అది గూడు కట్టేదెక్కడ? ఈసారి చెరువు పని జరిగితే ఒక మూల తుంగ వదిలేయమని అడుగుదాం. దాంతో ఆయకట్టుకు పోయే నీళ్లేమీ తగ్గవు.

మీ ఊరి చెరువులో బుడబుంగ ఉందా? మీ దగ్గర దాన్నేమంటారో కామెంట్లో రాయండి.