నాలుగు భాషల సీమలో ఒక మిషను

కృష్ణగిరి మిషనుకు మొదట అనుకున్న చోటు కృష్ణగిరి కాదు, జపాను. అమెరికాలో జర్మన్ వలసదారులు కట్టుకున్న లూథరన్ సంఘం మిస్సోరి సినడు 1893లో పరదేశాల్లో సువార్త పని మొదలుపెట్టాలని తీర్మానించినప్పుడు వాళ్ళ చూపంతా ఆ ద్వీపాల మీదే ఉంది. ఇంతలో తమిళదేశంలో లైప్‌జిగ్ మిషను కింద పనిచేస్తున్న తియోడోర్ నేథర్, ఫ్రాంజ్ మోన్ అనే ఇద్దరు జర్మన్లకు, లేఖనాల్లో తప్పు ఉండగలదా అన్న వాదం మీద తమ పెద్దలతో పొత్తు చెడింది. తమిళం వచ్చిన ఇద్దరు పనివాళ్ళు అలా సినడు చేతికి అందారు. జపాను మాట పక్కకు పోయింది. 1894 అక్టోబరులో వాళ్ళను ప్రార్థన చేసి పంపారు. 1895లో నేథర్ కృష్ణగిరిలో పని మొదలుపెట్టారు, మరుసటి ఏడు మోన్ ఆంబూరు చేరారు. ఇండియా ఎవాంజెలికల్ లూథరన్ చర్చి కథ అక్కడ మొదలైంది.

వచ్చినవాళ్ళకు తమిళం బాగా తెలుసు. తెలుసుకోవాల్సింది ఈ నేలే. కృష్ణగిరి నుంచి పడమటికి హొసూరు, కెలమంగలం, డెంకణికోట దిక్కున నడిస్తే ఊరూరికీ మాట మారుతుంది. ఈ మొరసునాట్లో పొలంలో తెలుగు, పక్క వీధిలో కన్నడ, కచేరీలో తమిళం, అంగడిలో ఉర్దూ. అంచెట్టి కొండల్లో ఇరుళ వాళ్ళ మాట ఇంకోటి. ఒక్క సంత తిరిగొస్తే చాలు, నాలుగు భాషలు చెవిన పడతాయి. ఇలాంటి చోట ‘జనం భాషలో చెప్పాలి’ అన్న సలహా వినడానికి సుళువే. ఏ జనం భాషలో?

ఈ ప్రశ్న నేథర్‌కు దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే ఒకాయనకు ఎదురైంది. 1606లో మదురై వచ్చిన జెస్విట్ పాదిరి రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసిగా బతికారు. తమిళం, సంస్కృతం మాత్రమే కాదు, తెలుగూ నేర్చారు. మదురై ఏలే నాయకుల ఇంటి భాష తెలుగు మరి. జంధ్యం, పిలక, గంధం బొట్టు ఉన్నవాడు క్రైస్తవుడు కావచ్చునా అని గోవాలో పెద్ద గొడవే జరిగింది. 1623లో పోపు పదిహేనో గ్రెగరీ కావచ్చునని అనుమతి ఇచ్చారు. ఆ ఏడే డి నోబిలి సేలం, సేందమంగలం దిక్కుకు బయలుదేరారు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్విట్లు అదే పద్ధతిలో పుంగనూరు, కృష్ణాపురం, బుక్కపట్నం వైపు తెలుగు ఊళ్ళలో పని సాగించారు. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ అని క్రీస్తు కథను ప్రబంధంగా రాసింది ఆ శతాబ్దంలోనే. 

అయితే ఈ కథలో మన సంఘపు జూబిలీ సంచికలు సాధారణంగా దాటేసే పుట ఒకటి ఉంది. పైకులాల వాళ్ళ దగ్గరికి వెళ్ళే సన్యాసి పాదిరి వేరు, కిందివాళ్ళ దగ్గరికి వెళ్ళే పండారస్వామి వేరు. ఒకే సువార్త, రెండు గడపలు. ఎవరి ఆచారం వాళ్ళకు ఉండనిస్తే వింటారనుకున్నారు, విన్నారు కూడా. దాంతోపాటు వాళ్ళ మధ్య గోడా గుడిలోకి వచ్చి కూర్చుంది. 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు ఈ ఆచారాల్లో చాలావాటిని నిషేధించినా గోడ పోలేదు. నేథర్, మోన్ ఎదిగిన లైప్‌జిగ్ మిషనులోనూ కులం సంఘపు ఏర్పాటే, దాని జోలికి పోవద్దు అన్న వాదం గట్టిగా ఉండేది. వేషం, భాష, పాట మార్చుకోవడం ఒక పని. వినేవాడి గర్వానికి చోటు ఇవ్వడం ఇంకో పని. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచినంత కాలం మనం చరిత్ర సరిగా చదవలేము.

అబే దుబ్వా సంగతి ఇంకా విచిత్రం. 1799 తర్వాత మైసూరు సీమలో తిరిగిన ఈ ఫ్రెంచి పాదిరి జనంలో జనంగా, వాళ్ళ బట్టలో, వాళ్ళ తిండితో బతికారు. మశూచి టీకాలు వేలాది మందికి వేయించారు. మన ఆచారాల మీద ఆయన రాసిన పుస్తకాన్ని కంపెనీ సర్కారే కొనుక్కుంది. ఇంత చేసి, 1823లో దేశం విడిచి వెళ్ళిన ఏడే, హిందువులను క్రైస్తవులుగా మార్చడం అయ్యే పని కాదని ఉత్తరాలు అచ్చేశారు. జనం మధ్య అన్నేళ్ళు బతికిన మనిషి అలా తేల్చడం ఆలోచించాల్సిన సంగతే.

ఆయన లెక్కలోకి రానివాళ్ళు ఒంగోలు దగ్గర ఉన్నారు. తోళ్ళ వ్యాపారి, యోగమార్గంలో గురువుగా పేరున్న మాదిగ యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. ఊరూరికీ తోళ్ళ బేరానికి తిరిగే మనిషి కాబట్టి చుట్టరికాల దారిలోనే మాట నడిచింది. 1876-78 నాటి ధాత కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మాలు ఇచ్చింది మన దేశపు బోధకులు ఆరుగురు. మిషనరీ క్లౌ దొర ఒడ్డునే ఉన్నారు. సంచికల్లో మాత్రం దొర ఫొటోనే వేస్తాం.

మాట నడిపేది జనమేనని కృష్ణగిరి మిషను కథా చెబుతుంది. నేథర్ ఇక్కడ తొమ్మిదేళ్ళు పాటుపడి 1904లో ప్లేగుతో చనిపోయారు. మొదటి పుష్కర కాలంలో కృష్ణగిరి, ఆంబూరు, వాణియంబాడి ప్రాంతంలో చేరినవాళ్ళు తక్కువే. 1907లో పని నాగర్‌కోయిల్‌కు పాకింది. అక్కడ దొరలు జనాన్ని వెతుక్కుంటూ పోలేదు, సాంబవర్ వాళ్ళే కబురు పెట్టి పిలిపించుకున్నారు. సంఘం అక్కడ త్వరగా పెరిగింది. మన వైపు మిగిలినవి బడులు, వైద్యం. 1913లో లులు ఎల్లర్‌మన్ అనే నర్సమ్మ వచ్చారు. 1920ల్లో ఆంబూరులో బెథెస్డా ఆస్పత్రి లేచింది. ముస్లింల మధ్య పనికని అరబ్బీ చదువుకున్న అడాల్ఫ్ బ్రుక్స్‌ను వాణియంబాడికి పంపారు. ఆయన్ను చివరికి చిక్కుల్లో పెట్టింది ముస్లింలు కాదు. వేరే క్రైస్తవ శాఖలవాళ్ళతో కలిసి ప్రార్థన చేయవచ్చునా అన్న సొంత సినడు తగవు.

ఆచారం ఉంచుకుని కులం గోడను వదలడమెలా అన్న చిక్కుముడిని తెలుగునాట ఓపిగ్గా విప్పినవారు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్లలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు. జాతర్లు, భజనలు, కోలాటాలు వద్దనలేదు, క్రైస్తవ పండుగలకు వాటినే తీసుకున్నారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథెడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కనిపిస్తాయి. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ నెత్తిన చెయ్యి పెట్టుకుని, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలకాల్సి ఉండేది. మాల అయినా మాదిగ అయినా ఆ మాట ఒకటే. అందరికీ ఒకే బల్ల. పాట ఊరిది ఉంచుకుని గోడను మాత్రం వద్దన్న పద్ధతి ఇది. అక్కడా కులం తుడిచిపెట్టుకుపోలేదు గానీ, కనీసం సంఘం దానికి దీవెన ఇవ్వలేదు.

ఇక మన దిక్కు. హొసూరు సిప్‌కాట్ పారిశ్రామిక వాడ వచ్చాక ఈ నేల మీద ఒడియా, హిందీ కూడా వినిపిస్తున్నాయి. సంతలోని నాలుగింటికి తోడు ఐదో భాష, ఆరో భాష. మన ఇళ్ళలో మాత్రం పాత కథే. ఆదివారం ఆరాధన తమిళంలో, ఇంటికి రాగానే ‘ఏం మామా, ఏమత్తా, అన్నం తిన్నారా’ అని తెలుగులో. ముసలివాళ్ళకు పురుషోత్తమ చౌదరి కీర్తనలు నోటికి వస్తాయి. మనుమళ్ళకు రాగం వచ్చు, అక్షరం రాదు. 2006 నాటి తమిళనాడు చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు చదివే అవకాశం సన్నగిల్లింది. వాళ్ళు తెలుగు పాటను తమిళ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. కొందరు పెద్దలకు అది అపచారంగా తోస్తోంది. నాకు తోయదు. ఆ పిల్లలు చేస్తున్నది ఆనందకవి చేసిన పనే, చేతిలో ఉన్న సాధనం వేరు.

అందుకే జూబిలీ కమిటీకి నావి రెండు విన్నపాలు. ఈసారి అచ్చు వేసే పాటల పుస్తకంలో ప్రతి తెలుగు కీర్తన పక్కన అదే కీర్తనను తమిళ లిపిలో కూడా వేయించండి. పుటలు పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. దానికి మునుపు ఇంకో పని కూడా ఉంది. పాత బాప్తిస్మపు రిజిస్టర్లు తిరగేసి, ఉపదేశులు, బైబిలు స్త్రీల పేర్లు ఊరివారీగా రాసిపెట్టండి. కెలమంగలం వైపు ఏ ఇంట్లో ఏ భాషలో మొదటి మాట చెప్పారో ఆ ఇళ్ళ ముసలివాళ్ళే చెప్పగలరు. వాళ్ళను అడగాల్సింది ఈ ఏడే.