పెర్ల్ హార్బర్‌లో రెండు గులాబీలు

హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో మునిగిన అరిజోనా యుద్ధనౌక మీద 1962లో స్మారక మందిరం వెలిసింది. ఆ నౌకలో 1,177 మంది చనిపోయారు. అక్కడ నెలనెలా రెండు గులాబీలు పెట్టే ఆనవాయితీ ఇద్దరు పాత శత్రువుల స్నేహం నుంచి పుట్టింది.

పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి చేసిన 1941 డిసెంబరు 7న రిచర్డ్ ఫిస్కే వెస్ట్ వర్జీనియా నౌకపై బ్యూగిల్ ఊదే మెరైన్. జెంజీ అబే అకాగి నౌక నుంచి వచ్చిన జపాన్ బాంబర్ పైలట్. ఫిస్కే గుండెలో జపాన్ మీద కోపం ఏళ్ల తరబడి రగిలింది. 1991లో, దాడికి యాభై ఏళ్లు నిండినప్పుడు, ఇద్దరూ కలిశారు. అబే క్షమాపణ అడిగాడు. పూల కోసం కొంత డబ్బు చేతిలో పెట్టి, ప్రతి నెలా రెండు గులాబీలు ఉంచమన్నాడు: ఒకటి తన తరఫున, ఒకటి ఫిస్కే తరఫున. ఫిస్కే వాటిని స్వయంగా తీసుకెళ్లి పెట్టేవాడు. తర్వాత బ్యూగిల్ ఎత్తి, మరణించిన సైనికులకు వీడ్కోలు పలికే ‘ట్యాప్స్’ వాయించేవాడు. ఒకప్పుడు బాంబులు వేసిన మనిషి మాటను అంత శ్రద్ధగా నిలబెట్టడం తేలికైన పని కాదు. ఫిస్కే 2004లో కన్నుమూశాడు, అబే 2007లో.