విశ్వాసమూలమైన నీతి

విశ్వాసమూలమైన నీతి అనేది క్రైస్తవ మతంలోని ఒక ప్రధాన సిద్ధాంతం. మానవుడు ధర్మశాస్త్ర విధులను ఆచరించుట వలన గాక, క్రీస్తునందలి విశ్వాసం వలన దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎంచబడతాడని దీని సారాంశం. క్రీ.శ. 1వ శతాబ్దంలో పౌలు గలతీయులకు, రోమీయులకు రాసిన పత్రికలు దీనికి ముఖ్య ఆధారాలు. నేడు దీనిని వ్యక్తి మోక్షానికి సంబంధించిన విషయంగానే ఎక్కువగా బోధిస్తారు. కాని ఈ వివాదం పదునెక్కినది సహపంక్తి భోజనం వద్ద.

పదాల అర్థం

తెలుగు బైబిలులో "ధర్మశాస్త్రము" అనగా మనుస్మృతి వంటి గ్రంథం కాదు; మోషే ద్వారా వచ్చినదిగా యూదులు భావించే తోరా. ఇందులోని ఆజ్ఞలు 613 అని యూద సంప్రదాయం. సున్నతి, విశ్రాంతిదినం, ఆహార నియమాలు యూదులను ఇతరుల నుండి వేరుగా చూపే గుర్తులు. అలాగే ఇక్కడ "నీతి" అనగా శతకాలలో చెప్పే సత్ప్రవర్తన మాత్రమే కాదు. న్యాయాధిపతి ఎదుట నిర్దోషిగా తీర్పు పొందిన స్థితి.

అంతియొకయ వివాదం

యేసు తొలి శిష్యులందరూ యూదులే. సిరియాలోని అంతియొకయ (నేటి టర్కీలోని అంటాక్యా) నగరంలో యూదేతరులు కూడా సంఘంలో చేరారు. వారు సున్నతి పొందాలా అన్న ప్రశ్నపై క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు సమావేశమయ్యారు. అపొస్తలుల కార్యముల ప్రకారం, సున్నతి అవసరం లేదనీ, విగ్రహార్పితాలు, రక్తం, గొంతు పిసికి చంపినవాటి మాంసం, జారత్వం మాత్రం విసర్జించాలనీ నిర్ణయించారు.

అంతియొకయలో పేతురు మొదట యూదేతరులతో కలిసి భుజించాడు. యాకోబు వద్దనుండి కొందరు రాగానే వెనుకకు తగ్గి వేరుగా కూర్చున్నాడు. బర్నబా కూడా అట్లే చేశాడు. పౌలు అందరి ఎదుట పేతురును నిలదీశాడు. గలతీయుల పత్రికలో నీతిని గురించిన వాదం ఈ సంఘటన వెంటనే మొదలవుతుంది.

పౌలు, యాకోబుల వాదాలు

అబ్రాహాము సున్నతి పొందకముందే అతని విశ్వాసం నీతిగా ఎంచబడినదని పౌలు ఆదికాండము నుండి చూపాడు. కనుక సున్నతి లేనివారికి కూడా అతడు తండ్రియే. అయితే ధర్మశాస్త్రం చెడ్డదని పౌలు అనలేదు. అది పరిశుద్ధమైనదనే చెప్పాడు. క్రియలు లేని విశ్వాసం నిర్జీవమని యాకోబు పత్రిక బోధిస్తుంది. అది కూడా అబ్రాహామునే ఉదాహరణగా తీసుకొనుట గమనార్హం.

2వ శతాబ్దంలో మార్సియన్ యూద గ్రంథాలను పూర్తిగా త్రోసిపుచ్చగా సంఘం అతనిని వెలివేసింది. అదే శతాబ్దానికి చెందిన జస్టిన్, ఇతరులను బలవంతపెట్టకుండా తాము ధర్మశాస్త్రాన్ని పాటించే క్రైస్తవులు కూడా రక్షణ పొందుతారని అభిప్రాయపడ్డాడు.

తరువాతి కాలం

16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ ఈ సిద్ధాంతాన్ని సంస్కరణోద్యమానికి కేంద్రంగా చేశాడు. 1977లో ఇ.పి.సాండర్స్, ఆనాటి యూదమతం కేవలం క్రియలతో రక్షణ సంపాదించే మతం కాదనీ, దైవానుగ్రహంతో చేసిన నిబంధనే దానికి పునాది అనీ వాదించాడు. 1999 అక్టోబరు 31న ప్రపంచ లూథరన్ సమాఖ్య, రోమన్ కాథలిక్ సంఘం ఈ సిద్ధాంతంపై ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి.

ఆంధ్రదేశంలో

గోదావరి డెల్టాకు ఈ బోధ రెండు వైపుల నుండి వచ్చింది. 1836లో భారతదేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే బ్రదరెన్ మిషనరీలు నరసాపురంలో స్థిరపడ్డారు. 1840లలో రాజమండ్రిలో జర్మన్ లూథరన్ మిషన్ ప్రారంభమైంది. తణుకు ఈ రెండు పట్టణాల నడుమ ఉంది. 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం ఏర్పడింది. రాజమండ్రిలోని లూథర్‌గిరి వేదాంత విద్యకు కేంద్రమైంది.

ఈ ప్రాంతపు క్రైస్తవులలో అధికులు నాడు అస్పృశ్యులుగా ఎంచబడిన మాల, మాదిగ కులాలవారు. కలిసి భుజించుటయే నిషిద్ధమైన సమాజంలో అంతియొకయ వివాదం దూరపు సంగతి కాదు. వేర్వేరు కులాలవారు ఒకే ప్రభుభోజనంలో పాలుపొందుట ఇక్కడ కూడా ఈ సిద్ధాంతానికి పరీక్షయే.

దీనికి భిన్నమైన మార్గం కూడా ఆంధ్రలో కలదు. గుంటూరు ప్రాంతంలోని చేబ్రోలు సమీపాన బెనె ఎఫ్రాయిము అనే సమాజంలోని కుటుంబాలు క్రైస్తవ నేపథ్యం నుండి వచ్చి, 1980ల నుండి యూద ఆచారాలను స్వీకరించాయి. తాము ఇశ్రాయేలు గోత్రాలలోనివారమని వారి విశ్వాసం.