గీత దాటిన తరువాత: ధర్మవరం మగ్గాలు, రిజర్వేషన్ చట్టం

మోటారు పందెంలో ముందుగా గీత దాటిన కారే గెలిచినట్టు చూసేవారికి తోస్తుంది గాని, స్క్రూటినీర్లు, అంటే కారు బరువు, కొలతలు, శక్తి నియమావళికి లోబడి ఉన్నాయో లేదో పరీక్షించే తనిఖీదారులు, తమ పని ముగించేదాకా ఆ ఫలితం తాత్కాలికమే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెంలో మూడవవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బ్యుమి, అనుమతించిన శక్తి పరిమితిని మించాడని తేలడంతో, పందెం ముగిశాక జరిమానాకు గురై ఆ స్థానాన్ని అంటోనియో ఫెలిక్స్ ద కోస్తాకు కోల్పోయాడు. యంత్రశక్తికి గీసిన హద్దును కాపు కాసేదెవరన్న ఈ ప్రశ్నే, కార్ల ఊసు లేని ధర్మవరం పట్టుమగ్గాల చరిత్రలో నాలుగు దశాబ్దాలుగా నలుగుతూ ఉంది.

ధర్మవరం నేతకు చుట్టుపక్కల సీమంతా దన్నుగా నిలిచింది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. ఆ ఊరి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు వేసిన వస్త్రాల అంచులు, బుటాలు నేటికీ నేతకు నమూనాలుగా పనికివస్తున్నాయి.  

సంప్రదాయ నేతగాడు గుంట మగ్గంలో, అనగా నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, పావళ్లను తొక్కుతూ, ఒక చేత్తో తాడు లాగి నాడెను ఉరికిస్తూ, రెండవ చేత్తో పన్నెను కొడుతూ నేస్తాడు. కండెలో పేక అయిపోగానే మగ్గం ఆగుతుంది. నాడెను తీసి, కొత్త కండెను అమర్చి, పోగును కంటిలోంచి లాగి మళ్లీ మొదలుపెట్టాలి. (పందెంలో కార్లు ఆగే చోటికి పిట్, అంటే గుంట, అన్న పేరు 1908లో ఫ్రాన్సులోని దియెప్‌లో మెకానిక్కులు కందకంలో నిలబడి పనిచేయడం వల్ల వచ్చిందంటారు, పోలిక కాకతాళీయమే.) డ్రైవరు వెనుక మెకానిక్కులున్నట్టే నేతగాడి వెనుక రేషం వడికేవారు, అద్దకం వేసేవారు, పడుగు సాగదీసేవారు, పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అచ్చు అతికే స్త్రీలు ఉన్నారు. మరమగ్గం నేసే చీర వల్ల పోయేది ఒక్క మనిషి కూలి కాదని వాదించడానికి నేత సంఘాలకు ఈ పనుల గొలుసే ఆధారమైంది.

కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించే చట్టాన్ని పార్లమెంటు 1985లో చేసింది. దాని కింద మొదట 22 రకాలు కేటాయించగా, మరమగ్గాల యజమానులు కోర్టులకెక్కడంతో అమలు ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 1996లో ఆ 22 రకాలు 11కు కుదించుకుపోయాయి. చట్టం రావడాన్నే గెలుపుగా లెక్కగట్టడం ఉద్యమ చరిత్రకారులు తరచుగా చేసే పొరపాటు. అట్టడుగు వర్గాల హక్కుల కోసం సాగే ప్రచారోద్యమానికి అసలు కష్టం ఆ తరువాతనే మొదలవుతుందని, కేటాయించిన రకాలు మరమగ్గాల షెడ్లలో తయారవుతున్నాయంటూ ధర్మవరం నేతన్నలు పదే పదే వీధికెక్కవలసి రావడమే చెబుతుంది. దుకాణంలో మడత పెట్టి ఉన్న చీరను చూసి ఏ మగ్గం మీద నేశారో కొనేవాడు తేల్చుకోవడం కష్టం కనుక, తనిఖీ మగ్గం నడుస్తుండగా షెడ్డులోనే జరగాలి; అందుకు సిబ్బంది కావాలి, ముందుగా కబురు అందకుండా ఉండాలి.

నియమం ఉల్లంఘించకుండానే దాని ఉద్దేశాన్ని వమ్ము చేయడం పందేల వారికి కొత్త కాదు. 1982 బ్రెజిల్ గ్రాండ్ ప్రిలో నెల్సన్ పికే, కేకే రోస్‌బర్గ్‌ల కార్లు, బ్రేకులను చల్లబరచడానికంటూ పెట్టుకున్న నీళ్లను దారిలో వదిలేసి, కనీస బరువుకంటే తేలికగా పరుగెత్తి, తూకానికి ముందు తొట్లు నింపుకున్నాయి. ద్రవాలను తిరిగి నింపి తూచవచ్చునన్న నియమమే వారికి అండ. ప్రత్యర్థి జట్లు ఫిర్యాదు చేసి పట్టుబట్టాకే ఆ ఇద్దరి ఫలితాలు రద్దయ్యాయి.

చేనేతలో ఇటువంటి పేచీ నిర్వచనం దగ్గర వచ్చింది. 1985 చట్టం దృష్టిలో మరమగ్గం కానిదంతా చేతిమగ్గమే. 12వ పంచవర్ష ప్రణాళిక సన్నాహాలలో, నేతలో ఏదో ఒక ప్రక్రియ చేతితో జరిగితే చాలు, తక్కినవి కరెంటుతో నడిచినా దానిని చేతిమగ్గంగానే పరిగణించవచ్చునన్న ప్రతిపాదన తలెత్తింది. పడుగును విడదీయడం, నాడెను ఉరికించడం, పన్నెను కొట్టడం అన్న మూడింటిలో రెండు మోటారుకు అప్పగించినా మగ్గానికి పాత పేరే మిగిలేది. దేశమంతటా చేనేత సంఘాలు ప్రతిఘటించడంతో ఆ ప్రతిపాదన వెనక్కు పోయింది. నిర్వచనం నిలిచింది, షెడ్డులోకి వెళ్లి చూడవలసిన పని మాత్రం అలాగే ఉంది.