పెదవి దాటని తీర్పు

ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణంలో, థేమ్స్ నదికి ఉత్తరపు ఒడ్డున కావర్షమ్ అనే పేట ఉంది. అక్కడి ప్రైమరీ స్కూల్లోనే రూత్ పెర్రీ చిన్నప్పుడు చదువుకున్నారు. 2010లో అదే బడికి హెడ్‌టీచర్ అయ్యారు. అక్షరాలు దిద్దిన బడికే పెద్దగా తిరిగి రావడం ఎంతమందికి దక్కే భాగ్యం! 32 ఏళ్ల టీచరు జీవితంలో ఆ బడి కోసం ఆమె పడిన పాటు ఊరందరికీ తెలుసు.

అక్కడ బడుల తనిఖీ ఆఫ్‌స్టెడ్ అనే సంస్థది. మన దగ్గర ఎంఈఓ వచ్చి రిజిస్టర్లు తిరగేసి రిమార్కు రాస్తే, అది ఏ ఫైల్లోనో ఉండిపోతుంది. ఆఫ్‌స్టెడ్ రాసింది లోకమంతా చదువుతుంది. ఆ రోజుల్లో రెండు రోజుల తనిఖీ ముగిశాక బడి మొత్తానికి కలిపి ఒకే ఒక్క గ్రేడు ఇచ్చేవారు. పైన ఔట్‌స్టాండింగ్, అడుగున ఇనాడిక్వేట్. పిల్లల్ని ఏ బడిలో వేయాలో తల్లిదండ్రులు ఆ గ్రేడు చూసే తేల్చుకునేవారు. మంచి గ్రేడున్న బడి చుట్టుపక్కల ఇళ్ల ధరలూ ఎక్కువే ఉండేవి. అట్టడుగు గ్రేడు వస్తే మాత్రం, 2016 నాటి చట్టం ప్రకారం, స్థానిక కౌన్సిల్ నడిపే బడిని ఆ కౌన్సిల్ చేతిలోంచి తీసి, ట్రస్టు నడిపే అకాడమీగా మార్చడానికి ఉత్తర్వు వెలువడేది.

కావర్షమ్ బడికి 2009లో ఔట్‌స్టాండింగ్ వచ్చింది. అలాంటి బడులకు మామూలు తనిఖీల నుంచి ఇచ్చిన మినహాయింపు 2020లో రద్దయింది. అప్పటి నుంచి అలాంటి బడులన్నిటి హెడ్‌టీచర్లకూ ఎదురుచూపులే. అప్పట్లో ముందురోజు ఫోన్ వచ్చేది, మర్నాడు తనిఖీదార్లు గుమ్మంలో ఉండేవారు. బుధవారం దాటితే ఆ వారానికి గండం గడిచిందని ఊపిరి పీల్చుకునేవాళ్లు ఎందరో.

2022 నవంబరు 15న కావర్షమ్ వంతు వచ్చింది. ఆ రెండు రోజుల్లో రూత్ పెర్రీ కన్నీళ్లు పెట్టుకున్నారని, మాట కూడా సరిగా పెగల్లేదని తర్వాత జరిగిన విచారణ సాక్ష్యాల్లో బయటపడింది. అయినా తనిఖీ ఆగలేదు. చదువు, ప్రవర్తన వంటి అంశాలన్నిటిలో బడి బాగుందన్నారు. నాయకత్వం ఒక్కటే ఇనాడిక్వేట్. పిల్లల భద్రతకు సంబంధించిన రికార్డుల్లో, సిబ్బంది శిక్షణలో లోపాలున్నాయన్నారు. ఆ ఒక్కదానితో బడి మొత్తం గ్రేడూ అడుగుకు జారింది.

పిల్లల భద్రత చిన్న విషయం కాదు. లోపం కనిపిస్తే గట్టిగా చెప్పాల్సిందే. కానీ అవి సరిదిద్దుకోగల లోపాలు. 2023 జూన్‌లో మళ్లీ తనిఖీ చేసినప్పుడు అదే బడి అన్నిటా బాగుందన్నారు. సరిదిద్దడానికి నెలలు చాలిన పొరపాట్లకు ఒక మనిషి వృత్తి జీవితాన్నంతా ఒక్క ముక్కలో కొట్టేయడం న్యాయమని నా మనసు ఏనాటికీ ఒప్పుకోదు.

అంతకన్నా క్రూరమైంది మరొకటుంది. ఫలితం ఆమెకు నవంబరులోనే తెలుసు. నివేదిక ఖరారయ్యేదాకా బయట పెట్టకూడదన్నది నియమం. ఎవరితో చెప్పవచ్చో, ఎవరితో చెబితే తప్పో తెలియని భయం ఆమెను పట్టుకుంది. టీచర్లకు స్టాఫ్‌రూమ్‌లో ఒకరికొకరు ఉంటారు, ఒకరి గోడు ఒకరు వింటారు. హెడ్‌టీచర్ కుర్చీలో కూర్చునేది ఒక్కరే. పై అధికారుల ఒత్తిడి, తల్లిదండ్రుల ఆశలు, సిబ్బంది కష్టాలు అన్నీ ఆ కుర్చీ దగ్గరికే వస్తాయి. అక్కడి నుంచి ఎటూ పోవు. గుండెలో బరువుంటే నలుగురితో చెప్పుకుంటే తేలికవుతుందంటారు మన పెద్దలు. ఆ నలుగురినే ఆమెకు దూరం చేశారు. క్రిస్మస్ వచ్చింది, వెళ్లింది. కొత్త సంవత్సరమూ వచ్చింది. తనిఖీ మొదలైన 54 రోజులకు, 2023 జనవరి 8న, రూత్ పెర్రీ తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆమెకు 53 ఏళ్లు. భర్త, ఇద్దరు కూతుళ్లు మిగిలారు. ఆమె అంతగా భయపడిన ఆ నివేదిక మార్చిలో బయటికొచ్చింది.

తోడబుట్టిన జూలియా వాటర్స్ ఊరుకోలేదు. దేశమంతా వినేలా ఆఫ్‌స్టెడ్‌ను నిలదీశారు. 2023 డిసెంబరులో, మరణ కారణాలు విచారించే అధికారి (కరోనర్) హైడీ కానర్ తీర్పు చెబుతూ, ఆ మరణానికి తనిఖీ కూడా ఒక కారణమైందని, అందులో కొంత భాగం న్యాయం, గౌరవం, సున్నితత్వం లేకుండా సాగిందని తేల్చారు. మరుసటి నెల ఆఫ్‌స్టెడ్ కొత్త అధిపతి మార్టిన్ ఆలివర్ క్షమాపణ చెప్పారు. తనిఖీదార్లకు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వడానికి కొన్నాళ్లు తనిఖీలు ఆపారు. 2024 సెప్టెంబరులో ఆ ఒక్క మాట గ్రేడును ఎత్తేశారు.

మరో మార్పు అంతకుముందే, 2023 మధ్యలోనే వచ్చింది. తనిఖీ ఫలితాన్ని హెడ్‌టీచర్లు సహోద్యోగులతో, ఇంటివాళ్లతో, డాక్టర్లతో చెప్పుకోవచ్చని ఆఫ్‌స్టెడ్ అప్పుడు స్పష్టం చేసింది.